బావకు వినపడని ఈల

ఇప్పటి డీజిలు బండ్లలో టర్బో అని ఒకటి ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కగానే సన్నగా ఈల వేస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు ఆ ఈల విని మురిసిపోతారు. అదే బండిని పాతబడ్డాక కొన్నవాళ్ళు ఆ ఈల విని బెంబేలెత్తిపోతారు. మేము పనిచేసిన రోజుల్లో, అంటే డెబ్బైల్లో, మా చేతికి వచ్చిన బండ్లకు టర్బోలు లేవు. జీపు ఈల వేసిందంటే ఎక్కడో ఏదో అరిగిపోయిందనే అర్థం. ఎక్కడ, ఏది అన్నది కనిపెట్టడమే మా బతుకు. ఆ కనిపెట్టడంలో మా బావను మించినవాడు ఆటోనగర్ మొత్తంలో లేడని అందరూ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి. కాస్త గట్టిగానే అనేవాణ్ణి, ఎందుకంటే ఆ షెడ్డు మా ఇద్దరిదీ.

బావ అంటే మా అక్క భర్త. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. వయసులో ఉన్నప్పుడు గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లులో ఆయిలింజను చూసుకునేవాడు. ఇంజను గదిలోనే తిండి, అక్కడే నిద్ర. తర్వాత బెజవాడ వచ్చి, నన్ను తోడు పెట్టుకుని ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వేశాడు. మా ఎడమ పక్క షెడ్డులో లారీలకు బాడీలు కట్టేవాళ్ళు. పొద్దున ఎనిమిదింటికి సుత్తి దెబ్బలు మొదలైతే దీపాలు పెట్టే వేళ దాకా ఆగేవి కావు. అక్కడి పనివాళ్ళు కొందరు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. బావ వాళ్ళను చూసి నవ్వేవాడు. మెకానిక్కు చెవులు మూసుకుంటే ఇక పనేం చేస్తాడు అనేవాడు. అన్నేళ్ళ ఇంజను గది, దాని మీద ఈ సుత్తులు. ఆయన నవ్వితే నవ్వాడు, నాకేమైంది? నేనైనా ఒక్కనాడు దూది పెట్టుకో బావా అనలేదు. ఆయనతో పాటు నవ్వాను.

ఆయన పద్ధతి వేరు. బండి వచ్చిందంటే అందరిలా ముందు బానెట్టు ఎత్తి లోపలికి తొంగిచూసేవాడు కాదు. డ్రైవరు చెప్పే సోది వినేవాడూ కాదు. "స్టార్ట్ చెయ్యి" అని, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకునేవాడు. ఒక చోట ఒక నిమిషం, ఇంకో చోట ఇంకో నిమిషం. ఆ సేపంతా మనిషి కదిలేవాడు కాదు. తర్వాత స్క్రూడ్రైవరును గుడ్డతో తుడిచి, జబ్బు ఎక్కడుందో ఒక్క ముక్కలో చెప్పేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది. లారీ డ్రైవర్లు ఆయన్ని డాక్టరు గారు అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే ఆయనకు లోలోపల మహా ఇష్టం. పైకి మాత్రం విసుక్కునేవాడు.

ఏ ఏడాదో సరిగ్గా చెప్పలేను. ఆ పిడి చెవి దగ్గర నుంచి పళ్ళ మధ్యకు మారింది. పళ్ళతో కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు.

"ఏం బావా, ఆకలేస్తుందా?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"ఎముకలోంచి ఇంకా బాగా తెలుస్తుందిరా. నువ్వూ చూడు."

నేనూ నాలుగు రోజులు కరిచి చూశాను. ఆయిలు రుచి తప్ప నాకేమీ తెలియలేదు. చుట్టుపక్కల షెడ్లలో కుర్ర మెకానిక్కులు మాత్రం అదేదో గొప్ప విద్య అనుకుని స్క్రూడ్రైవర్లు కొరకడం మొదలుపెట్టారు. చెవి పనిచెయ్యకపోతే మనిషి ఏ దారి వెతుక్కుంటాడో మాలో ఒక్కడికీ తట్టలేదు.

చెప్పింది మా అక్క. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నా భార్య ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా కూర్చుంది.

"ఒరే తమ్ముడూ, మీ బావకి వినపట్టం లేదురా."

"ఏం వినపట్టం లేదు? మొన్నేగా స్క్రూడ్రైవరు పెట్టి లారీ జబ్బు చెప్పింది!"

"అలారం గడియారం తలకాడే పెట్టుకుంటారు. మోగి మోగి అదే ఆగిపోతోంది. నేను తట్టి లేపుతున్నాను. మొన్న బజార్లో వెనకాల సైకిలోడు బెల్లు కొడుతూనే ఉన్నాడు, ఈయన జరగరే! చెయ్యి పట్టుకుని లాగాను. లావు గొంతులు వినపడుతున్నాయి, సన్నవి వినపట్టం లేదు. నాది సన్న గొంతు కదరా."

డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామన్నాను. అక్క రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"ఆ మాటెత్తావో, అన్నం మానేస్తారు. జనమే గొణుగుతున్నారంటున్నారు, తనకేదో అయిందని ఒప్పుకోటంలా. ఆయనకి ఉన్నవి ఆ చెవులే. అవి పోయినయ్యని తెలిస్తే ఆటోనగర్‌లో ఎవడు మేస్త్రి అంటాడు? నలుగుర్లో బయట పడనీకురా. నాకు మాటివ్వు."

మాట ఇచ్చాను. నిలబెట్టుకున్నాను కూడా. నిలబెట్టుకున్న తీరే ఆయన్ని దెబ్బ తీసింది. అది చెప్పడానికే ఇదంతా.

అప్పటి నుంచి నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి బండ్లు బాగుచెయ్యడం, రెండోది బావకు వినపడటం లేదని ఎవరికీ, చివరకు బావకు కూడా, తెలియకుండా చూడడం. ఎవరైనా సన్న గొంతుతో మాట్లాడితే వాళ్ళ మాటను నేను అందుకుని బొంగురు గొంతుతో మళ్ళీ చెప్పేవాణ్ణి. బండి వాళ్ళు చెప్పిన జబ్బులన్నీ సుద్దముక్కతో మడ్‌గార్డు మీద రాయడం మొదలుపెట్టాను. ఎందుకురా ఈ రాతలు అంటే, నాకు మతిమరుపు వచ్చింది బావా అన్నాను. ముప్ఫై అయిదేళ్ళకే మతిమరుపేమిట్రా అని ఆయన నన్ను ఆటపట్టించాడు. అందరి ముందూ మతిమరుపు వెధవనయ్యాను. దానికి నేను బాధపడలేదు. ఆ పని బాగా చేస్తున్నానని గర్వపడ్డాను.

అలా ఏడాది గడిచింది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆ జీపు వచ్చింది.

చల్లపల్లి అవతల నుంచి ఒక రైతు తెచ్చాడు. యాభై దాటిన మనిషి, పంచె, భుజం మీద తువ్వాలు. మిలటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న జీపు. ఎన్ని చేతులు మారి ఆయన దగ్గరకు చేరిందో దానికే తెలియాలి. నల్లరేగడి తడిస్తే ఎడ్లబండి కూడా దిగబడే దారుల్లో నాలుగు చక్రాలూ తిరిగే బండి ఉంటే బాగుంటుందని కొన్నాడట.

"మేస్త్రి గారూ, ఈ జీపు నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోందండీ" అన్నాడు. "కరకట్ట ఎక్కేటప్పుడు బానే ఎక్కుద్ది. దిగేటప్పుడు మాత్రం సెకండు గేరు దానంతటదే జారి న్యూట్రల్లో కొచ్చి పడుద్ది. మొన్న మా ఆడోళ్ళని ఎక్కించుకుని దిగుతుంటే జారి, కాలవలోకి పోబోయిందండి. బ్రేకులు పట్టబట్టి ఇయ్యాల ఈ మాట చెబుతున్నా. ఇంకోటండీ. రోడ్డు మీద కాస్త జోరందుకుందంటే ఈలేస్తది. సన్నగా, చెవిలో జోరీగ దూరినట్టు."

నేను అంతా లావు గొంతుతో మళ్ళీ చెప్పి, మడ్‌గార్డు మీద రెండు ముక్కలు రాశాను. సెకండు గేరు జారుతోంది, ఒకటి. ఈల, రెండు. బావ రెండూ చదువుకుని తలూపాడు.

ముగ్గురం జీపెక్కి బందరు కాలువ గట్టు మీదికి పోయాం. బావ తోలుతున్నాడు. గట్టు మీద నుంచి కిందికి దిగే బాట ఒకటుంది. అక్కడ సెకండులో పెట్టి, కాలు తీసేసి, బండిని ఇంజను బిగువు మీదే దిగనిచ్చాడు. అరచెయ్యి గేరు రాడ్డు మీద పెట్టాడు, పట్టుకోలేదు. సగం దిగేసరికి రాడ్డు టక్కున వెనక్కి తన్నింది. బండి వదిలేసినట్టుగా కిందికి ఉరికింది. రైతు ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బావ బ్రేకు వేసి, బండి వెనక్కి ఎక్కించి, మళ్ళీ దించాడు. ఇంకోసారి. మూడోసారి రాడ్డును అదిమి పట్టుకుని దించితే గేరు జారలేదు.

"జారే ముందు వణుకుతోందిరా" అన్నాడు నాతో. "చేతికి తెలుస్తోంది. గేరు పళ్ళు అరిగితే ఇట్లా వణకదు, ఒక్కసారే ఎగిరి పడుద్ది. ఇది లోపల పట్టు లేక." తర్వాత రైతు వైపు తిరిగి చెప్పాడు. "గేరు పడ్డాక కదలకుండా లోపల ఒక ఇనప గుండు గాట్లో కూర్చుంటుందండీ. దాన్ని స్ప్రింగు నొక్కి పడుతుంది. తలుపుకి గడియ ఉన్నట్టు. తమ బండికి గడియ సరిగా పట్టం లేదు. తలుపు మంచిదే."

రైతు మొహం విచ్చుకుంది. నా మొహమూ విచ్చుకుంది. ఇంతకాలం చెవితో చేసిన పనిని ఆయన చేత్తో చేశాడు. ఈయనకు చెవులతో పనేముంది అనుకున్నాను ఆ క్షణాన.

షెడ్డుకు తిరిగి వస్తుండగా, రోడ్డు బాగున్న చోట బావ జోరు పెంచాడు. అప్పుడు వచ్చింది ఈల. ముందు నుంచి, ఎడం పక్క నుంచి, తీగలాగా సన్నగా. రైతు చూపుడు వేలు పైకెత్తాడు.

"అదిగోనండీ. అదే."

బావ ఆ వేలును చూశాడు. రోడ్డును చూశాడు. "ఏదండీ?"

"అదేనండీ, వస్తానే ఉందిగా."

"ఓ, అదా! అది నాలుగు చక్రాల గేర్ల ఏడుపండీ. జీపన్నాక పుట్టుకతోనే ఏడుస్తుంది. దానికి మందు లేదు."

జీపుకు ఆ ఏడుపు ఉన్న మాట నిజమే. కాళ్ళ కింద నుంచి వస్తుంది, లావుగా మూలుగుతున్నట్టు. బావకు వినపడుతున్నది ఆ ఒక్కటే. రైతు నా వైపు చూశాడు, నువ్వయినా చెప్పవయ్యా అన్నట్టు. నేను కాలువ అవతల ఉన్న అరటి తోటను చూస్తూ కూర్చున్నాను. ఆయన మర్యాదస్థుడు. "తమరు చెబితే ఇంకేముందండీ" అని ఊరుకున్నాడు.

షెడ్డులోకి రాగానే బావ అరచేత్తో మడ్‌గార్డు మీద రెండో ముక్క తుడిచేశాడు. ఈల అన్న మాట పోయి తెల్లటి మరక మిగిలింది.

మూడు రోజుల్లో బండి ఇస్తామని రైతును పంపేసి గేరుబాక్సు దించాం. మూత తీసి, ఆయిల్లో వేళ్ళు ముంచి, కంటితో చూడకముందే బావ "ఇదిగో దొంగ" అన్నాడు. రెండు స్ప్రింగులు ఒకే పొడుగు ఉండాలి. ఒకటి పొట్టిది. పాత మెకానిక్కు ఎవడో వేరే దేనిదో స్ప్రింగును కత్తిరించి పెట్టాడు. గుండు కూడా ఒక పక్క అరిగి పప్పుబద్దలా ఉంది. గేరును తోసే ఫోర్కు కొస కొద్దిగా వంగి ఉంది. బావ దాన్ని కాల్చి సరిచేసి, నన్ను స్ప్రింగు కోసం వన్ టౌన్ పంపాడు. పాత స్ప్రింగును బొటనవేళ్ళ మధ్య నొక్కి చూపించి, "ఇంతకన్నా ఇంత గట్టిగా ఉండాలి" అన్నాడు. ఆ గట్టితనం నా వేళ్ళకు అర్థమయ్యేదాకా నాలుగుసార్లు నొక్కించాడు.

వన్ టౌన్ సందుల్లో తోపుడు బండ్ల మధ్య పడి వెతికి, ఆ స్ప్రింగు సంపాదించాను. అక్కడే ఇంకో పని కూడా చేశాను. బేరింగుల కొట్లో డైనమో బేరింగు ఒకటి కొని, కాగితంలో చుట్టించి, చొక్కా లోపల పెట్టుకున్నాను. ఆ ఈల, ఫ్యాను బెల్టుతో తిరిగి బ్యాటరీకి కరెంటు పంపే డైనమోదే అని రోడ్డు మీదే పోల్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం బావ భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఇల్లు దగ్గరే అయినా తిని, కాసేపు నడుం వాల్చి వస్తాడు. ఆయన మలుపు తిరిగేదాకా చూసి, ఫ్యాను బెల్టు వదులు చేశాను. డైనమోను చేత్తో తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడింది. విప్పాను. బేరింగు ఎండిపోయి నీలంగా మాడింది. కొత్తది ఎక్కించి, గ్రీజు పెట్టి, బిగించేశాను. విప్పిన గుర్తు కనపడకూడదని బోల్టుల మీద వేళ్ళతో మురికి పూశాను కూడా. చేతులు కడుక్కుని, బావ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు వేరే బండి కింద పడుకున్నాను.

అక్కకిచ్చిన మాట కోసమే అదంతా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. డాక్టరు గారికి అంతుపట్టనిది నాకు పట్టిందని లోపల ఒక పొగరు కూడా ఉంది. ఇంత కాలం ఆయన పక్కన పానాలు, జాకీలు అందించినవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఆ మురికి పూస్తూ చిన్నగా పాడుకున్నాను కూడా.

మూడో రోజు రైతు వచ్చాడు. మళ్ళీ ముగ్గురం గట్టు మీదికి పోయాం. ఈసారి ఆయన చేతే తోలించాం. దిగే బాటలో సెకండు గేరు అతుక్కున్నట్టు నిలబడింది. ఆయన నమ్మలేక మూడుసార్లు ఎక్కి దిగాడు. రోడ్డెక్కాక జోరు పెంచి, చెవి ఒక పక్కకు వంచాడు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఈల పోతే రైతుకు తెలుస్తుందని, తెలిస్తే నోరు మూసుకోడని.

షెడ్డు ముందు బండి ఆపి దిగి, రైతు బావ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈల కూడా ఆపేశారండీ మేస్త్రి గారూ! దానికి మందు లేదన్నారు గానీ, తమ చేతిలో ఏదో ఉందండీ. అసలు గేరుకన్నా అదే నన్ను చంపుకు తినేది. మా ఇంటోళ్ళయితే ఆ ఈల వింటే బండి ఎక్కనే ఎక్కం అనేవోళ్ళు!"

ఎదురుగా నిలబడి చెప్పాడు గనక బావకు పెదాల మీద మాట తెలిసింది. ఈల అన్న మాట దగ్గర ఆయన రెప్ప వెయ్యడం మానేశాడు. మడ్‌గార్డు మీద తను తుడిచిన మరక ఇంకా అలాగే ఉంది. దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు తట్టుకోలేక నేను బానెట్టు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

"దాన్ని కూడా చూశామండీ" అన్నాడు బావ, రైతుతో, మామూలు గొంతుతోనే. "ఇక ఏడవదు. వెళ్ళి రండి."

అంత మాట ఆయన తప్ప ఇంకెవరూ అనలేరు. నన్ను నలుగురిలో బయట పెట్టలేదు.

జీపు మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. పక్క షెడ్డులో సుత్తులు మోగుతున్నాయి. బావ బల్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న స్టూలు చూపించాడు. తన కళ్ళకు నా నోరు కనపడేట్టు.

"ఏంట్రా అది?"

"డైనమో బేరింగు."

"ఎప్పుడు?"

"నిన్న. నువ్వు అన్నానికి వెళ్ళినప్పుడు."

బావ చెయ్యి చాచి మేకుకు ఉన్న స్క్రూడ్రైవరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది నా చేతికిచ్చి, డైనమో మీద పెట్టి చూడు బావా అంటే పోయేదిగా" అన్నాడు. "పళ్ళకి తెలిసేది. నేనే విప్పేవాణ్ణి గదరా."

అది నిజం. నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయన చెయ్యి బాగుంది, పన్ను బాగుంది, బుర్ర బాగుంది. ఎక్కడ వెతకాలో ఒక్క మాట చెబితే చాలు. ఆయనకు వినపడదన్న సంగతి దాచడంలో పడి, ఆయనకు పని వచ్చన్న సంగతే నేను మర్చిపోయాను. ఏడాదిగా మతిమరుపు నటించినవాడికి నిజంగానే వచ్చిన మతిమరుపు అది. ఆ మాట ఒప్పుకుని, ఆయన కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. తప్పు నా మీద నుంచి దులుపుకోవాలని నోరు జారాను.

"అక్కే చెప్పొద్దంది బావా."

"మీ అక్కకీ తెలుసా?"

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం మారింది. కోపం కాదు. కోపమైతే బాగుండేది. తిట్టి, రెండు తన్ని ఊరుకునేవాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. ఒట్టు."

ఆయన స్క్రూడ్రైవరు పిడి మీద పళ్ళ గాట్లు వేలితో తడుముతూ ఆలోచించాడు. అలా ఆలోచిస్తే జబ్బు ఎక్కడుందో కనిపెట్టకుండా వదిలే మనిషి కాదు. చివరకు తల ఎత్తి అడిగాడు.

"మరి చర్చిలోరా?"

మా పేటలో మాది చిన్న చర్చి. ఆదివారం పాట ఎత్తేది బావే. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి అది ఆయన పని. హార్మోనియం మాష్టారు కాస్త వాయించగానే బావ కంచు గొంతుతో మొదలుపెట్టేవాడు, వెనక సంఘమంతా అందుకునేది. ముందు వరసలో, పాదిరి గారి వైపు తిరిగి నిలబడేవాడు గనక వెనక ఏం జరుగుతుందో ఆయనకు కనపడదు. ఏడాదిగా జరుగుతున్నది ఇది. హార్మోనియం సరిగా వినపడక, ప్రతి పాదం చివరా బావ సాగదీసేవాడు. అందరూ ముగించాక కూడా ఆయన గొంతు ఒక్కటే ఇంకా నడుస్తూ ఉండేది. మొదట్లో పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్ళు కళ్ళెర్రజేశారు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. పాదం ముగించి, ఆయన గొంతు ఆగేదాకా అందరూ నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. ఆయన ఆగాక, కలిసి రెండో పాదం అందుకునేవాళ్ళు. ఎంత అలవాటైందంటే, కొత్తగా సంఘంలో చేరినవాళ్ళు ఆ రాగమే అంత అనుకున్నారు.

"నేను పాట సరిగ్గా ఎత్తుతున్నానా లేదా?" అన్నాడు బావ.

"బ్రహ్మాండంగా ఎత్తుతున్నావు బావా. నీ గొంతుకేమైంది?"

ఆయన నా పెదాలనే చూస్తున్నాడు. "సరే" అన్నాడు. లేచి స్క్రూడ్రైవరు మేకుకు తగిలించి, వేరే బండి పని చూసుకున్నాడు.

జరిగింది అక్కకు చెప్పాల్సింది. చెప్పలేదు. నోరు జారి ఆమె పేరు చెప్పినందుకు మొహం చెల్లలేదు.

ఆదివారం నేను చర్చికి వెళ్ళేసరికి బావ తన చోట లేడు. పక్క గోడకు ఆనించి సంఘ పెద్దల బెంచీ ఒకటి ఉంటుంది, అడ్డంగా, జనానికి ఎదురుగా. దాని మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి ప్రతి ఒక్కరి మొహం కనపడుతుంది. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క నన్ను చూసి, ఏమిటన్నట్టు గడ్డం ఎగరేసింది. నేను తల దించుకున్నాను.

పాదిరి గారు పాట నంబరు చెప్పారు. మాష్టారు హార్మోనియం వాయించారు. బావ లేవలేదు. మాష్టారు మళ్ళీ వాయించారు. జనమంతా బావను చూశారు. బావ నన్ను చూసి, నువ్వు ఎత్తు అన్నట్టు చెయ్యి కదిపాడు. నాకు పాడే గొంతు లేదు. ఏదో శ్రుతిలో మొదలుపెట్టేశాను. సంఘం పాపం దాన్నే అందుకుంది.

మొదటి పాదం అయింది. అందరం ఆగాం.

ఎవరూ పాడటం లేదు. హార్మోనియం ఒక్కటే గాలి పీలుస్తోంది. ఆయన గొంతు ఎంతసేపు సాగేదో అంతసేపూ నోళ్ళు మూసుకుని నిలబడి, తర్వాత ఒక్కసారిగా రెండో పాదం అందుకున్నాం. దాని చివర మళ్ళీ ఆగాం. బావ మా నోళ్ళ వైపు చూస్తున్నాడు. చివరి వరస ముసలివాళ్ళ దగ్గర నుంచి ముందు కూర్చున్న పసివాళ్ళ దాకా, ఎవరు ఎక్కడ నోరు మూశారో, ఎవరి కోసం మూశారో, ఒక్కొక్కరి మీదుగా చూపు జరుపుతూ చూస్తున్నాడు.

మూడో పాదం దగ్గర ఆగకుండా నేనైనా పాడుకుంటూ పోదామనుకున్నాను. నోరు రాలేదు. నా నోరూ దానంతటదే మూసుకుంది. బావ పాటల పుస్తకం మూసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మేము ఆగిన ప్రతిసారీ తల కొద్దిగా వంచేవాడు, మళ్ళీ ఎత్తేవాడు.

ఆ పాటకు పన్నెండు పాదాలు. పన్నెండుసార్లూ ఆయన కళ్ళ ముందే ఆగాం. ఒక్కసారి కూడా మానలేకపోయాం.